నర్సుకి కంప్యూటర్ ఎంతవరకు రావాలి? పీజీడీసీఏకి డబ్బులు కట్టేముందు ఇది చదవండి

మీ ప్రశ్న మొత్తం చదివాను సిస్టర్. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఊళ్ళో నర్సింగ్ హోమ్‌లో తొమ్మిదేళ్ళు కేస్ షీట్లు పెన్నుతో రాస్తూ పనిచేశారు, ఇప్పుడు విజయవాడలో పెద్ద హాస్పిటల్‌లో సెలెక్ట్ అయ్యారు, అక్కడంతా పేపర్‌లెస్ అంట, హెచ్ఆర్ ఆవిడ "సిస్టమ్ నాలెడ్జ్ కంపల్సరీ" అన్నారంట. దాంతో పీజీడీసీఏ అనే కంప్యూటర్ డిప్లొమాలో చేరాలా, టైపింగ్ నేర్చుకోవాలా, ముందు ముందు గల్ఫ్ వెళ్ళాలంటే ఇది అడ్డమవుతుందా, ఈ ఇన్ఫర్మాటిక్స్ నర్స్ అనేది ఏంటి అని అడిగారు. నేను వార్డులో, ఐసీయూలో చేసి, గల్ఫ్‌లో కొన్నేళ్ళు ఉండి వచ్చి, ఇప్పుడు కొత్త సిస్టర్స్‌కి హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ నేర్పే పనిలో ఉన్నా కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు డబ్బుల సంగతి. పీజీడీసీఏ వద్దు. అసలు అది డిగ్రీ తర్వాత చేసే డిప్లొమా, జీఎన్ఎం మీద ఎవరైనా చేర్చుకుంటున్నారంటే ఆ ఇన్‌స్టిట్యూట్‌నే అనుమానించాలి. వాళ్ళు నేర్పే ఫొటోషాప్, ట్యాలీ, సీ లాంగ్వేజ్ మీకు వార్డులో ఒక్కరోజు కూడా పనికిరావు. టైపింగ్ అయితే రోజూ అరగంట ఇంట్లో ప్రాక్టీస్ చేసుకోండి, రెండు చేతులతో చూడకుండా కొట్టక్కర్లేదు, వెతుక్కోకుండా నాలుగు వేళ్ళతో కొట్టగలిగితే చాలు, ఎందుకంటే నర్సింగ్ స్క్రీన్లలో సగం పైన టిక్కులూ డ్రాప్‌డౌన్‌లే ఉంటాయి.

ఇంకోటి చెప్తా, మీరు నమ్మకపోవచ్చు. మా దగ్గరికి ఇప్పుడొచ్చే బీఎస్సీ పిల్లలు ఫోన్‌లోనే పుట్టినట్టుంటారు, మౌస్ పట్టుకుంటే స్క్రీన్లు చకచకా తిప్పేస్తారు, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన కొత్త సెమిస్టర్ సిలబస్‌లో రెండో సెమిస్టర్‌లోనే హెల్త్ నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్ అని సబ్జెక్టే పెట్టారు. అయినా నాకు టెన్షన్ పెట్టేది వాళ్ళే. స్క్రీన్ మీద ఉందంటే నిజమే అనుకుంటారు. మీలా బీపీ యంత్రం కన్నా చేతిని నమ్మి, "ఈ రీడింగ్ ఏంటి ఇలా ఉంది" అని మళ్ళీ చూసే అలవాటున్నోళ్ళకి బటన్లు నేర్పడం వారం పని. ఆ అనుమానించే అలవాటు నేర్పడానికి ఏళ్ళు పడుతుంది. హాస్పిటల్లో కంప్యూటర్ స్కిల్ అని నేననేది అదే, ఆ స్క్రీన్‌లో ఉన్న పేషెంటూ మంచం మీద ఉన్న పేషెంటూ ఒక్కరేనా అని ప్రతిసారీ చూసుకోవడం.

ఇప్పుడు అసలు డ్యూటీలో ఏం చేస్తారో చెప్తా. లాగిన్ అవ్వగానే మీ వార్డు పేషెంట్ లిస్టు వస్తది. హ్యాండోవర్ దాన్ని చూసుకుంటూనే తీసుకుంటారు. తర్వాత వైటల్స్ ఎంట్రీ, డాక్టర్ రాసిన ఆర్డర్లు అక్నాలెడ్జ్ చెయ్యడం, ఫార్మసీకి ఇండెంట్ పెట్టడం, మిగిలిన మందులు రిటర్న్ పెట్టడం, మందులిచ్చినట్టు ఎంట్రీ, ల్యాబ్ శాంపిల్ లేబుళ్ళు, ఇంటేక్ అవుట్‌పుట్, పడిపోయే రిస్కుకీ బెడ్ సోర్ రిస్కుకీ స్కోర్లు, డిశ్చార్జ్ అప్పుడు నర్సింగ్ క్లియరెన్స్. సాఫ్ట్‌వేర్ పేరు ఏదైనా ఇవే ఉంటాయి, బటన్లు ఉండే చోటు మారుద్ది అంతే. వీటిలో చాలావరకు మీకు పేపర్ మీద వచ్చినవే.

కష్టమంతా ఎక్కడంటే, మొదటి మెట్టులో. పేషెంట్‌ని వెతకడంలో.

వినడానికి ఇదేం పని అనిపిస్తది. మన పేర్లు ఎలా ఉంటాయో మీకు తెలుసుగా. లక్ష్మి అని కొట్టండి, కేఎస్‌తో ఒక గుంపు వస్తది, ఎక్స్‌తో ఇంకో గుంపు వస్తది, చివర ఐ ఒకటి పెట్టినోళ్ళు, రెండు పెట్టినోళ్ళు. వెంకట లక్ష్మి కలిపి రాసినోళ్ళు వేరు, విడగొట్టినోళ్ళు వేరు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటది, ఇన్సూరెన్స్ కార్డులో వెనకుంటది, పాత కేస్ షీట్‌లో ఒక్క అక్షరమే ఉంటది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినావిడ పాత ఫైల్ పుట్టింటి పేరు మీదే ఉంటది. పెద్దవాళ్ళకి పుట్టినరోజు తెలీకపోతే రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో జనవరి 1 అని వేసేస్తారు, అలా జనవరి 1న పుట్టిన సుబ్బారావులు మన దగ్గర ఎంతమందో. దీంతో ఏమవుతుందంటే ఒకే మనిషికి రెండు యూహెచ్ఐడీలు, అంటే హాస్పిటల్ ఇచ్చే పేషెంట్ నంబర్లు, పుట్టేస్తాయి. పెన్సిలిన్ పడదు అని పోయినసారి రాసింది ఒక నంబర్‌లో ఉండిపోద్ది, ఈసారి అడ్మిషన్ ఇంకో నంబర్ మీద, స్క్రీన్‌లో అలర్జీ గడి ఖాళీ. ఖాళీగా ఉంటే "అలర్జీ లేదు" అనుకుంటారు చాలామంది, కానీ దానర్థం "ఎవరూ అడగలేదు" అని కూడా కావచ్చు. అందుకని అలర్జీ ప్రతి అడ్మిషన్‌కీ మీ నోటితో అడగండి, పోయినసారి ఇదే హాస్పిటల్‌లో చూపించుకున్నారా అని కూడా అడగండి, చూపించుకుంటే ఫోన్ నంబర్‌తో వెతకండి, కొడుకు నంబర్‌తో కూడా వెతకండి. రెండు ఫైళ్ళు కనిపిస్తే మీరు సొంతంగా ఏమీ చెయ్యొద్దు, ఎంఆర్‌డీ (మెడికల్ రికార్డ్స్) వాళ్ళకి చెప్పి కలిపించండి.

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా నంబర్, అంటే మనిషికో హెల్త్ నంబర్, వచ్చింది కదా, దాని అవసరం సగం ఇదే. ఓపీ కౌంటర్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేరూ వయసూ తన్నుకుంటూ వచ్చేస్తాయి, కౌంటర్ వాళ్ళు వినపడీ వినపడక కొట్టే బాధ తప్పుద్ది. కానీ మంచం దగ్గర మాత్రం ఇప్పటికీ "మీ పేరు చెప్పండమ్మా" అనే అడగాలి. "మీరు లక్ష్మి గారేనా" అని అడగకూడదు. మన పెద్దవాళ్ళు సిస్టర్ ఏమడిగినా ఊ అనే అంటారు.

శాంపిల్ లేబుళ్ళ దగ్గర కూడా ఇదే గొడవ. పొద్దున్నే రష్‌లో నర్సింగ్ స్టేషన్‌లో నాలుగు బెడ్ల బార్‌కోడ్ లేబుళ్ళు ఒకేసారి ప్రింట్ కొట్టి, ముందే ట్యూబులకి అంటించేసి, ట్రేలో పెట్టుకుని వెళ్తారు. టైమ్ కలిసొస్తుంది నిజమే. కానీ బెడ్ 5లో రక్తం తీసి బెడ్ 6 ట్యూబ్‌లో పోస్తే, ఆ తర్వాత ల్యాబ్ మెషిన్ ఎంత గొప్పదైనా తప్పు మనిషి రిపోర్టే ఇస్తది, పైగా బార్‌కోడ్ ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు. చేతిరాత లేబుల్ ఉన్న రోజుల్లో ల్యాబ్ టెక్నీషియన్ ఫోన్ చేసి "సిస్టర్ ఇది ఎవరిది" అనేవాడు, ఇప్పుడు అడగడు. రక్తం ఎక్కించే ముందు చేసే గ్రూపింగ్, క్రాస్ మ్యాచ్ శాంపిల్ అయితే ప్రాణం మీదకొస్తది, కొన్ని బ్లడ్ బ్యాంకులు గ్రూపు కన్ఫర్మ్ చెయ్యడానికి రెండోసారి వేరే శాంపిల్ అడిగేది అందుకే, వాళ్ళ మీద విసుక్కోకండి. రక్తం తీశాక, మంచం పక్కనే, చేతి బ్యాండ్ చూసి అంటించండి. ఇన్‌చార్జ్ తొందరపెట్టినా సరే.

ఇక మందుల స్క్రీన్. దాన్ని మార్ అంటారు, ఏ మందు ఏ టైమ్‌కి ఇవ్వాలో గడులుంటాయి, టైమ్ దాటితే ఎర్రగా మారుద్ది. ఆ ఎరుపు చూసి భయపడి కొత్తవాళ్ళు చేసే పని ఏంటంటే ట్రాలీ దగ్గర నుంచునే అందరి మందులూ "ఇచ్చాం" అని ముందే టిక్ కొట్టేసి తర్వాత పంచడం, లేకపోతే అన్నీ ఇచ్చేసి పదకొండింటికి కూర్చుని అన్నిటికీ ఎనిమిది అని టైమ్ వెయ్యడం. రెండూ ప్రమాదమే. వ్యాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీసుకోండి, రక్తంలో దాని లెవెల్ తర్వాతి డోసుకి కాస్త ముందు తియ్యాలి, మీరు డోసు పదింటికి ఎక్కించి ఎనిమిది అని వేస్తే ఆ లెవెల్ చూసి డాక్టర్ డోసు పెంచాలా తగ్గించాలా అని తీసుకునే నిర్ణయం మొత్తం తప్పు లెక్క మీద నడుస్తది. ఇంకోటి, జ్వరం ఎక్కువైతే డ్యూటీ డాక్టర్ నోటిమాటగా చెప్పారని రెండింటికి పారాసిటమాల్ గ్రాము ఇచ్చి ఎంట్రీ మర్చిపోయారనుకోండి, ఈవినింగ్ సిస్టర్ స్క్రీన్ చూస్తే ఖాళీ, ఆవిడ నాలుగింటికి ఇంకో గ్రాము పెట్టేస్తది. ఆవిడ తప్పేం లేదు.

అన్నట్టు, మీరు ఎప్పుడు ఇచ్చామని వేశారో ఒక టైమ్, ఎప్పుడు ఎంట్రీ చేశారో ఇంకో టైమ్, రెండూ లోపల రికార్డ్ అవుతాయి. ఎవరి లాగిన్ నుంచి, ఏ కంప్యూటర్ నుంచి అనేది కూడా ఉంటది. లేటైతే సిగ్గుపడాల్సింది లేదు, లేట్ ఎంట్రీ అని, ఎందుకు లేటైందో ఒక ముక్క రాస్తే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేరు. బెడ్ 9 పేషెంట్‌కి గుండె ఆగింది, అక్కడున్నాం అని రాసినా చాలు.

బార్‌కోడ్ స్కానింగ్ ఉన్న హాస్పిటల్ అయితే మీరు అదృష్టవంతులు. పేషెంట్ చేతి బ్యాండూ, మందు ప్యాకెట్టూ స్కాన్ చేస్తే రెండూ సరిపోయాయో లేదో అదే చెప్తది. ఇది పుట్టించింది ఏ ఇంజినీరో అనుకుంటారు అందరూ. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం టొపీకా ఊళ్ళో మాజీ సైనికుల హాస్పిటల్‌లో సూ కిన్నిక్ అని ఒక నర్సు ఉండేవారు, 1990ల మొదట్లో అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు అక్కడివాళ్ళు స్కానర్‌తో టక్కున లెక్క చూసుకోవడం గమనించి, కార్లకి చెయ్యగలిగినప్పుడు మందులకి ఎందుకు చెయ్యలేం అని మొదలుపెట్టిన ఐడియా అది. తర్వాత ఆ మాజీ సైనికుల హాస్పిటల్స్ అన్నిటికీ పాకింది. ఈ కథ నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తా, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ అంటే ఐటీ వాళ్ళది, మనం వాళ్ళిచ్చింది వాడుకోవడమే అనే భావం మనవాళ్ళలో బాగా పాతుకుపోయింది.

అంత మంచి ఏర్పాటుని కూడా మనం ఎలా పాడుచేస్తామో చూడండి. పేషెంట్ నిద్రలో ఉన్నాడు, దుప్పటి తీసి చెయ్యి వెతకడం ఎందుకని ఇంకో బ్యాండ్ ప్రింట్ తీసి కేస్ ఫైల్‌కో ట్రాలీకో అంటించుకుని దాన్నే స్కాన్ చేస్తారు. స్క్రీన్ పచ్చగా వెలుగుద్ది. అక్కడ సరిపోలింది కాగితమూ మందూ, మనిషి కాదు. ఇలాంటివి సిస్టర్స్ బద్ధకంతో చేస్తారని మేనేజ్‌మెంట్ వాళ్ళంటారు, నేనొప్పుకోను. స్కానర్ వైరు మంచం దాకా రాదు, వైఫై మూల బెడ్ల దగ్గర అందదు, ట్రాలీ బ్యాటరీ గంటకే అయిపోద్ది, ఒక సిస్టర్‌కి పది మంది పేషెంట్లు. దొంగదారి ఎక్కడ కనిపించినా అక్కడ ఏదో విరిగిపోయి ఉందని అర్థం, దాన్ని రాతపూర్వకంగా ఇన్‌చార్జ్‌కి చెప్పండి.

మందు పేరు వెతకడంలో ఇంకో గండం ఉంది. అమెరికాలో వాండర్‌బిల్ట్ హాస్పిటల్‌లో 2017 డిసెంబర్‌లో జరిగింది, నర్సులందరూ తెలుసుకోవాల్సిన కేసు. స్కాన్‌కి ముందు భయం తగ్గడానికి పేషెంట్‌కి వెర్సెడ్ ఇవ్వాలి, అది మిడాజొలామ్ బ్రాండ్ పేరు. రడోండా వాట్ అనే నర్సు మందుల అలమార కంప్యూటర్‌లో వీ, ఈ అని రెండక్షరాలు కొట్టారు, అందులో జెనెరిక్ పేర్లే, అంటే బ్రాండ్ కాకుండా మందు అసలు పేర్లే, ఉన్నాయి కాబట్టి వెర్సెడ్ రాలేదు, ఓవర్‌రైడ్ (సిస్టమ్ అడ్డుని దాటేసే బటన్) నొక్కి మళ్ళీ అవే రెండక్షరాలు కొడితే వచ్చింది వెక్యురోనియం. అంటే కండరాలన్నీ, ఊపిరితో సహా, స్తంభింపజేసే మందు. మధ్యలో వార్నింగ్‌లు వచ్చాయి, వెర్సెడ్ నీళ్ళలా ఉంటది, ఇది పొడి, కలుపుకోవాలి, అయినా ఆగలేదు. 75 ఏళ్ళావిడ చనిపోయారు. 2022 మార్చిలో కోర్టు నర్సుని దోషి అంది, మే నెలలో మూడేళ్ళ ప్రొబేషన్ వేసింది. తప్పు ఆవిడదే అన్నవాళ్ళున్నారు, ఓవర్‌రైడ్ కొట్టడం అక్కడ రోజువారీ అలవాటు చేసిన హాస్పిటల్‌ది కాదా అన్నవాళ్ళూ ఉన్నారు. నా వరకూ రెండోదే ఎక్కువ. కానీ మీకు పనికొచ్చేది ఏంటంటే, మన దగ్గర డాక్టర్లు మాట్లాడేదంతా బ్రాండ్ పేర్లలోనే, డోలో, పాన్ ఫార్టీ, మోనోసెఫ్ అంటారు, సిస్టమ్‌లో పారాసిటమాల్, ప్యాంటోప్రజోల్, సెఫ్ట్రియాక్సోన్ అని ఉంటది. మీ వార్డులో తరచూ వాడే మందులకి బ్రాండూ జెనెరిక్కూ పక్కపక్కనే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఇది నేను ఏ కంప్యూటర్ కోర్సు కన్నా ముందు చెప్పే పని. వెతికేటప్పుడు కనీసం ఐదు అక్షరాలు కొట్టండి. ఓవర్‌రైడ్ నొక్కాల్సి వస్తే పక్కన ఇంకో సిస్టర్‌ని పిలిచి చూపించండి.

అంకెలు కూడా అంతే. పిల్లల వార్డులో బరువు 8.5 కిలోలు అని కొట్టేటప్పుడు చుక్క పడకపోతే 85 అవుద్ది. కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్ లెక్క సిస్టమే వేస్తుంటే 127.5 రావాల్సింది 1275 వస్తది. మంచి సాఫ్ట్‌వేర్ అయితే తొమ్మిది నెలల పాపకి 85 కిలోలేంటి అని అడ్డుకోవాలి, అన్నీ అడ్డుకోవు. మీ నోట్‌బుక్ రోజుల్లో చేతిలెక్క ఎలా వేసేవారో అది మానకండి. అలాగే పెద్దవాళ్ళకి కూడా బరువు చూడకుండా అందాజుగా 60 అని వేసేస్తారు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ లాంటివి ఆ 60 మీదే లెక్కపడతాయి. నైట్ డ్యూటీలో పన్నెండు దాటాక తేదీ మారుద్ది, పన్నెండున్నరకి వేసే యూరిన్ అవుట్‌పుట్ ఏ రోజు గడిలో పడుతుందో మీ హాస్పిటల్ ఇంటేక్ అవుట్‌పుట్ ఎన్నింటి నుంచి ఎన్నింటికి లెక్కిస్తుందో మొదటి నైట్ కన్నా ముందే అడిగి తెలుసుకోండి.

నర్సింగ్ నోట్స్‌లో పెద్ద రోగం కాపీ పేస్ట్. నిన్నటి నోట్ తెచ్చి ఇవాళ్టి డేట్ వేసే బటన్ చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటది. వెంటిలేటర్ మీదున్న మనిషికి "పేషెంట్ కాన్షియస్, ఓరియెంటెడ్, టేకింగ్ ఓరల్ ఫీడ్స్" అని మూడు షిఫ్టుల్లో వరుసగా ఉన్న నోట్స్ నేను కళ్ళారా చూశాను, నవ్వాలో ఏడవాలో తెలీలేదు. హాస్పిటల్స్ క్వాలిటీ చూసి గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ ఆడిట్ వాళ్ళు మొదట పట్టుకునేది ఇవే. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూసే టీపీఏ వాళ్ళూ, ఆరోగ్యశ్రీ క్లెయిమ్ చూసేవాళ్ళూ కూడా నర్సింగ్ చార్టూ, డాక్టర్ నోట్సూ, బిల్లూ పక్కపక్కన పెట్టుకుని చదువుతారు, ఇంజెక్షన్ బిల్లులో ఉండి మార్‌లో లేకపోతే ఆ డబ్బులు కోసేస్తారు, అప్పుడు మేనేజ్‌మెంట్ వచ్చి పడేది వార్డు మీదే. తక్కువ రాయండి, నాలుగు వాక్యాలు చాలు, కానీ ఆ షిఫ్టులో మారిందేంటో రాయండి.

తప్పు టిక్ ఎంత దూరం వెళ్తుందో మన అందరి కళ్ళ ముందే ఒకటి జరిగింది, గుర్తుందా. కోవిడ్ టీకాల సైట్ కోవిన్ 2021 జనవరి 16న మొదలైంది. స్లాట్ బుక్ చేసుకుని సెంటర్‌కి వెళ్ళని వాళ్ళకి కూడా "మీకు టీకా వేశారు" అని మెసేజ్‌లు వచ్చాయి, చూస్తే లిస్టులో వాళ్ళ పేరు మీద టీకా వేసినట్టు పొరపాటున టిక్ పడటమే చాలావాటికి కారణం అని కేంద్రమే చెప్పింది. దాంతో మే 8 నుంచి నాలుగంకెల కోడ్ పెట్టారు, మనిషి ఎదురుగా ఉండి కోడ్ చెప్తేనే ఎంట్రీ అవుద్ది. పైనుంచి "జాగ్రత్తగా ఉండండి" అని సర్క్యులర్ పంపితే తగ్గేది కాదు అది, స్క్రీన్ మార్చారు కాబట్టి తగ్గింది. మీ వార్డులో ఒకే తప్పు పదే పదే జరుగుతుంటే ఇలాగే ఆలోచించండి.

గవర్నమెంట్ సైడ్ వెళ్దామా అని కూడా ఒక లైన్ రాశారు కదా. అక్కడ పెద్ద హాస్పిటల్స్‌లో కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ వాళ్ళ ఈ-హాస్పిటల్ అనే సాఫ్ట్‌వేర్ చాలాచోట్ల ఉంది. ఏఎన్ఎంల పరిస్థితి వేరే, టీకాలకి యూవిన్, టీబీకి నిక్షయ్, గర్భిణులకి ఆర్‌సీహెచ్, బీపీ షుగర్లకి ఎన్‌సీడీ, ఒక్కోదానికి ఒక్కో యాప్, ఒక్కో లాగిన్, పైగా రిజిస్టర్లు కూడా రాయాలి. అదే తల్లి పేరు ఎన్ని చోట్ల కొట్టాలో. ఊళ్ళో సిగ్నల్ లేక రాత్రి ఇంటికొచ్చి ఎంట్రీ చేసుకునే ఏఎన్ఎంలని చూసి "వీళ్ళకి కంప్యూటర్ రాదు" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. రాకపోవడం కాదు, ఆ యాప్‌లు చేసేటప్పుడు వాళ్ళని ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది.

పాస్‌వర్డ్ విషయం చిన్నదే కానీ ఉద్యోగాలు పోయేది దీంతోనే. మీ లాగిన్ ఎవరికీ ఇవ్వకండి, డ్యూటీ డాక్టర్ "సిస్టర్ మీ లాగిన్‌లో ఆ ఆర్డర్ వేసేయండి" అన్నా సరే, రేపు అక్కడ మీ పేరే ఉంటది. లేచి వెళ్ళేటప్పుడు లాక్ చెయ్యండి. పుండు ఫొటో, ఈసీజీ ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టడం అందరూ చేస్తున్నారని మీరూ చెయ్యకండి, హాస్పిటల్ దేన్ని వాడమందో దాన్నే వాడండి, డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చేసింది, పేషెంట్ వివరాలు మన ఫోన్ గ్యాలరీలో పెళ్ళి ఫొటోల పక్కన ఉండాల్సినవి కావు. తెలిసినాయన అడ్మిట్ అయ్యాడని ఆయన ఫైల్ ఊరికే తెరిచి చూడటం కూడా తప్పే, అదీ రికార్డ్ అవుద్ది.

సిస్టమ్ మొత్తం పడిపోతే? పడుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద 2022 నవంబర్ 23న సైబర్ దాడి జరిగితే ఓపీ, అడ్మిషన్లు, ల్యాబ్, బిల్లింగ్ అన్నీ దాదాపు రెండు వారాలు చేత్తో నడిపారు. అంత పెద్ద హాస్పిటల్‌కే తప్పలేదు. అక్కడ రెచ్చిపోయేది మీలాంటి పాతకాపులే, పెన్నుతో టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, శ్వాస) చార్ట్ గీయడం, మందుల షీట్ రాయడం కొత్త పిల్లలకి రాదు. చేరిన వారంలోనే డౌన్‌టైమ్ ఫారాలు ఏ అలమారలో ఉన్నాయో చూసుకోండి, సిస్టమ్ లేచాక వాటిని ఎవరు ఎంట్రీ చెయ్యాలో అడగండి, ఆ రెండు మూడు గంటల మందులే రెండోసారి పడే ప్రమాదం ఎక్కువ.

ఎక్సెల్ మాత్రం కొంచెం నేర్చుకోండి. మొత్తం అక్కర్లేదు, కూడికలు, ఫిల్టర్, తేదీలు సరిగ్గా పెట్టడం, ఒక చిన్న చార్ట్. రేపు ఇన్‌చార్జ్ అయితే డ్యూటీ రోస్టర్ దాంట్లోనే వేస్తారు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ అయితే యూరిన్ క్యాథెటర్ ఇన్ఫెక్షన్ రేటు నెలనెలా అడుగుతారు, అది ఎలాగంటే రోజూ ఒకే టైమ్‌కి వార్డులో ఎంతమందికి క్యాథెటర్ ఉందో లెక్కపెడతారు, నెలంతా కలిపితే 400 వచ్చిందనుకోండి, అందులో ఇద్దరికి ఇన్ఫెక్షన్, రెండుని 400తో భాగించి వెయ్యితో గుణిస్తే 5. అంటే వెయ్యి క్యాథెటర్ రోజులకి ఐదు. ఫార్ములా ఎక్సెల్ చేసేస్తది, కానీ రోజూ లెక్క సరిగ్గా రాయకపోతే, నైట్ సిస్టర్ ఒక రోజు మర్చిపోయి మర్నాడు అందాజుగా వేస్తే, ఆ 5కి అర్థం లేదు. తేదీల్లో ఒక తంటా, 05/06 అని కొడితే కొన్ని కంప్యూటర్లు మే 6 అనుకుంటాయి, నెల పేరు అక్షరాల్లో వచ్చేలా పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

గల్ఫ్ గురించి. అక్కడ పెద్ద హాస్పిటల్స్‌లో ఎపిక్, సెర్నర్ అనే సాఫ్ట్‌వేర్లు బాగా కనిపిస్తాయి, సెర్నర్‌ని 2022లో ఒరాకిల్ కొనేసింది. అవి రావా అని ముందే బెంగపడకండి, చేరాక వాళ్ళే ట్రైనింగ్ ఇస్తారు, ఇంటర్వ్యూలో "ఎలక్ట్రానిక్ మార్ మీద పనిచేశారా, బార్‌కోడ్ వాడారా" అని అడిగితే అవును అనగలగాలి, మీకిప్పుడొచ్చిన ఆఫర్ విలువ అక్కడ ఉంది. అమెరికా ఆలోచన ఉంటే అక్కడ నర్సు లైసెన్సుకి రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష మొత్తం కంప్యూటర్ మీదే, మీ జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న మారుద్ది, 85 నుంచి 150 ప్రశ్నల మధ్య ఎక్కడైనా ఆగిపోవచ్చు, వెనక్కెళ్ళి మార్చుకోవడం కుదరదు. 2023 ఏప్రిల్ నుంచి పెట్టిన కొత్త పద్ధతిలో కేస్ స్టడీలు ఇస్తున్నారు, నర్స్ నోట్స్ ఒక ట్యాబ్‌లో, వైటల్స్ ఒక ట్యాబ్‌లో, ల్యాబ్ ఇంకో ట్యాబ్‌లో ఉంటాయి, మూడూ కలిపి చదివి ఏం జరుగుతుందో చెప్పాలి. అచ్చం వార్డు సాఫ్ట్‌వేర్ చూసినట్టే ఉంటది, రోజూ అలా చదివే అలవాటున్నోళ్ళకి అది సులువు.

ఇన్ఫర్మాటిక్స్ నర్స్ అంటే ప్రోగ్రాములు రాసే మనిషి కాదు. వార్డు పనీ తెలిసి, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పగలిగి, ఈ స్క్రీన్ ఇలా ఉంటే తప్పులు జరుగుతాయి, ఈ గడి ఇక్కడ పెట్టండి అని కొట్లాడే నర్స్. అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ 1992లోనే దీన్ని ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించింది, అక్కడ సర్టిఫికేషన్ పరీక్ష కూడా ఉంది, కానీ దానికి ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్సూ బ్యాచిలర్స్ డిగ్రీ కావాలి, మీరు ముందు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చెయ్యాలి. పీజీడీసీఏకి కట్టాలనుకున్న డబ్బులు దానికి దాచుకోండి. మన దగ్గర ఆ పేరుతో పోస్టులు తక్కువే, వేరే పేర్లతో ఉంటాయి, క్వాలిటీలో, ట్రైనింగ్‌లో, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంప్లిమెంటేషన్ టీమ్‌లో. దాంట్లోకి దారి ఒకటే, మీ హాస్పిటల్‌లో కొత్త మాడ్యూల్ వచ్చినప్పుడు ప్రతి వార్డు నుంచి ఒకరిద్దర్ని సూపర్ యూజర్లుగా (ముందు తాము నేర్చుకుని వార్డులో మిగతావాళ్ళకి సాయం చేసేవాళ్ళుగా) తీసుకుంటారు, ఎవరూ ముందుకు రారు ఎక్స్‌ట్రా పని అని. మీరు చెయ్యి ఎత్తండి.

ముప్ఫై ఏడేళ్ళొచ్చాయి, ఇప్పుడేం నేర్చుకుంటా అన్నారు. ఫోన్‌పేలో డబ్బులు పంపేటప్పుడు పేరు ఒకసారి చదివి, నంబర్ ఇంకోసారి చూసి పంపుతారుగా, ఆ జాగ్రత్త ఉన్నోళ్ళకి మిగతాది వస్తది. ఆఫర్ తీసుకోండి. చేరే ముందు హెచ్ఆర్‌ని రెండే అడగండి, సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్ ఎన్ని రోజులు, ప్రాక్టీస్ చెయ్యడానికి డెమో లాగిన్ ఇస్తారా లేక నేరుగా నిజం పేషెంట్ల మీదే నేర్చుకోమంటారా అని. ట్రైనింగ్ రోజుల్ని డ్యూటీ రోజులుగా రోస్టర్‌లో వేయించుకోండి, వీక్లీ ఆఫ్‌లో రమ్మంటే కంప్ ఆఫ్ (బదులు సెలవు) రాయించుకున్నాకే వెళ్ళండి. ఏ సాఫ్ట్‌వేరో తెలిశాక ఇక్కడ పెట్టండి, నేను వాడిందైతే ఏ స్క్రీన్‌లో ఎక్కడ తంటా ఉందో విడిగా రాస్తా.